క్యాంపస్ గేటు దాటినా జర్నళ్లు చదవొచ్చు: దారులు, హక్కులు, అడగాల్సిన ప్రశ్నలు

పరిశోధక విద్యార్థి ఏడాది పొడవునా క్యాంపస్‌లో ఉండటం కుదరదు. ఫీల్డ్‌వర్క్ కోసం ఊళ్లు తిరగాలి. సెలవుల్లో మెస్ మూసేస్తే ఇంటికి వెళ్లాలి. ఫెలోషిప్ నెలల తరబడి రాకపోతే ఏదో ఒక పని చూసుకోవాలి. ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ఆసుపత్రి చుట్టూ తిరగాలి. ఇలా గేటు దాటిన రోజు నుంచే చిక్కు మొదలవుతుంది. నిన్నటి దాకా లైబ్రరీలో తెరుచుకున్న వ్యాసం ఇవాళ డబ్బు కట్టమంటుంది.

పెద్ద ప్రచురణ సంస్థల దగ్గర ఒక్క వ్యాసం ధర తరచుగా 30 డాలర్ల పైనే ఉంటుంది. మన డబ్బుల్లో రెండున్నర వేల పైమాటే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ విద్యార్థులకు యూజీసీ నెలకు ఇచ్చేది 8,000 రూపాయలు. మూడు వ్యాసాలు కొంటే ఆ నెల మెస్ బిల్లుకు మిగలదు.

అయితే ఆ డబ్బు మీరు కట్టాల్సిన పని చాలాసార్లు ఉండదు. మీ తరఫున యూనివర్సిటీయో ప్రభుత్వమో ఇప్పటికే చందా కట్టి ఉంటుంది. చదివే హక్కు మీకు వచ్చింది అడ్మిషన్‌తో. మీరు ఎక్కడ కూర్చుని చదువుతున్నారన్న దానితో దానికి సంబంధం లేదు. ఆ హక్కును ఇంటి నుంచి, నెట్ సెంటర్ నుంచి, ఫీల్డ్‌వర్క్ చేస్తున్న ఊరి నుంచి ఎలా వాడుకోవాలో, ఆ సౌకర్యం లేకపోతే ఎవరిని ఎలా అడగాలో ఇక్కడ వివరంగా చూద్దాం.

ఇది ఎవరి సమస్య?

ఇంట్లో లాప్‌టాప్, వైఫై ఉండి, ఢిల్లీలోనో అమెరికాలోనో చదివే అన్నో అక్కో ఉన్నవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు. వ్యాసం పేరు వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి పీడీఎఫ్ వస్తుంది. మొదటి తరం విద్యార్థికి అలా అడగడానికి చుట్టం లేడు. యూనివర్సిటీలో రిమోట్ లాగిన్ ఉందన్న సంగతి కూడా చాలామందికి రెండో ఏడాదికో మూడో ఏడాదికో తెలుస్తుంది. "అందరికీ తెలిసిందే కదా" అనుకునే సమాచారం కులం గీసిన స్నేహాల గీతలు దాటి రావడానికి చాలా కాలం పడుతుంది. ఇక్కడ అడ్డం పడుతున్నది డబ్బు ఒక్కటే కాదు, సమాచారం కూడా.

లైబ్రరీకి దూరం కావడం ఎంత నష్టమో అంబేడ్కర్ జీవితమే చెబుతుంది. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో ఆయన లండన్ చదువు మధ్యలో ఆపి రావాల్సి వచ్చింది. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాలు యుద్ధకాలంలో టార్పిడో దెబ్బకు సముద్రంలో మునిగిపోయాయి. డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేశారు. చదువు ఆగింది తెలివి చాలక కాదు. డబ్బు ఆగింది, పుస్తకాలు పోయాయి.

మన కాలానికి వస్తే, 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్‌లోనే ఆరుబయట వెలివాడ వేసుకున్నారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల అదే నెల 17న మనకు దూరమయ్యాడు. హాస్టల్ గది అంటే మంచం, ఫ్యాను మాత్రమే కాదు. చదువుకునే బల్ల, నెట్ కనెక్షన్, పక్క గదిలోని సీనియర్ కూడా. గది పోతే ఇవన్నీ ఒకేసారి పోతాయి. అందుకే చదివే దారి గదికో గేటుకో కట్టేసి ఉండకూడదు.

గేటు దగ్గర ఆపేది ఏమిటి?

ఇంటర్నెట్‌కు కలిసిన ప్రతి నెట్‌వర్క్‌కూ ఐపీ అడ్రస్ అనే సంఖ్య ఉంటుంది. ఇంటి నంబరు లాంటిదనుకోండి. యూనివర్సిటీ చందా కట్టినప్పుడు తన ఐపీ అడ్రస్‌ల జాబితాను ప్రచురణ సంస్థకు ఇస్తుంది. మీరు క్యాంపస్ వైఫై మీద ఉంటే, జర్నల్ వెబ్‌సైట్ ఆ నంబరు చూసి తలుపు తీస్తుంది. మీ పేరు అడగదు. మీ ఊళ్లో జియో మీదో ఎయిర్‌టెల్ మీదో అదే పేజీ తెరిస్తే నంబరు వేరుగా కనబడుతుంది. కాబట్టి డబ్బు అడుగుతుంది.

అంటే వెబ్‌సైట్ మిమ్మల్ని కాదనడం లేదు, మీరెవరో దానికి తెలియడం లేదు. ఇంటి నుంచి చదివే పద్ధతులన్నీ చేసేది ఒకటే పని: "ఈ మనిషి మా విద్యార్థే" అని యూనివర్సిటీ చేత వెబ్‌సైట్‌కు చెప్పించడం.

నాలుగు ప్రధాన దారులు

1. సంస్థ లాగిన్: జర్నల్ పేజీలో "సంస్థ ద్వారా లాగిన్" అనే అర్థం వచ్చే బటన్ ఉంటుంది. అక్కడ మీ యూనివర్సిటీ పేరు వెతికి నొక్కితే మీ యూనివర్సిటీ సొంత లాగిన్ పేజీకి తీసుకెళ్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అక్కడ కొట్టగానే తిరిగి వ్యాసం దగ్గరికి వస్తారు. మీ పాస్‌వర్డ్ ప్రచురణ సంస్థకు చేరదు. మన దేశంలో ఈ ఏర్పాటును గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం "ఇన్‌ఫెడ్" పేరుతో నడుపుతోంది. మీ సంస్థ ఇన్‌ఫెడ్‌లో చేరి, మీ పేరు మీద ఖాతా తెరిస్తేనే ఇది పనిచేస్తుంది. ఖాతా తెరిచే పని లైబ్రరీది.

2. ప్రాక్సీ లేదా రిమోట్ యాక్సెస్ పోర్టల్: లైబ్రరీ వెబ్‌సైట్‌లోనే ఒక లాగిన్ ఉంటుంది. అందులోంచి జర్నల్‌కు వెళ్తే మీ రాకపోకలు యూనివర్సిటీ సర్వర్ మీదుగా సాగుతాయి. వెబ్‌సైట్‌కు మీరు క్యాంపస్‌లో ఉన్నట్టే కనబడతారు. ఈజీప్రాక్సీ, రిమోట్ఎక్స్ఎస్, నింబస్, మైలాఫ్ట్ ఈ పని కోసం సంస్థలు తీసుకునే సాఫ్ట్‌వేర్‌లు. కొన్నిటికి ఫోన్ యాప్ కూడా ఉంది. ముందు లైబ్రరీ పేజీలోంచి బయలుదేరాలన్నది గుర్తుంచుకోండి. నేరుగా గూగుల్‌లో వెతికి వెళ్తే ఈ దారి సాధారణంగా పనిచేయదు.

3. యూనివర్సిటీ వీపీఎన్: కొన్ని సంస్థలు తమ సొంత వీపీఎన్ ఇస్తాయి. అది కలిపితే మీ ఫోనో లాప్‌టాపో క్యాంపస్ నెట్‌వర్క్‌లో భాగమవుతుంది. ప్లేస్టోర్‌లో ఉచితంగా దొరికే వీపీఎన్‌లు ఇందుకు పనికిరావు. అవి మిమ్మల్ని వేరే దేశంలో ఉన్నట్టు చూపగలవే గానీ మీ యూనివర్సిటీలో ఉన్నట్టు చూపలేవు. పైగా మీ పాస్‌వర్డ్‌లకు ప్రమాదం.

4. ఎన్-లిస్ట్: డిగ్రీ కాలేజీల విద్యార్థులు, అధ్యాపకుల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే పథకం ఇది. ఇందులో ఐపీతో పని లేదు. ఒక్కొక్కరికీ విడిగా లాగిన్ ఇస్తారు కాబట్టి ఇంటి నుంచీ పనిచేస్తుంది. ఎయిడెడ్ కాని ప్రైవేటు కాలేజీలు కూడా చందా కట్టి చేరవచ్చు. ఇంజనీరింగ్, మెడికల్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్, నర్సింగ్, వ్యవసాయ కాలేజీలు దీని పరిధిలోకి రావు. కాలేజీ చందా కట్టినా, విద్యార్థుల పేర్లు నమోదు చేయకపోతే లాగిన్ రాదు. "మన కాలేజీలో ఎన్-లిస్ట్ ఉంది" అన్నది సగం జవాబు మాత్రమే. "నా పేరు ఎక్కించారా?" అన్నది అడగాల్సిన రెండో ప్రశ్న.

ఒకే దేశం, ఒకే చందా: ఎవరు లోపల, ఎవరు బయట

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల సుమారు 13,000 ఈ-జర్నళ్లను 6,300కు పైగా సంస్థలకు అందించడం లక్ష్యం. దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు మేలు జరుగుతుందని ప్రభుత్వం ప్రకటించింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ పథకాన్ని సమన్వయం చేసేది కూడా ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమే.

పథకం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు వర్తిస్తుంది. అంటే మన రాష్ట్రాల్లోని ప్రభుత్వ యూనివర్సిటీలు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు దీని పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వ కాలేజీ కాబట్టి తనకేమీ ఉండదని అనుకునే విద్యార్థి ముందు ఈ పథకంలో తన కాలేజీ నమోదైందో లేదో అడగాలి.

ప్రైవేటు కాలేజీలు మొదటి దశలో లేవు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ప్రైవేటు కాలేజీల్లో చదువుతున్న దళిత విద్యార్థులకు ఇది నేరుగా తగిలే దెబ్బ. వారి ఫీజు కట్టేది ప్రభుత్వమే. జర్నళ్లకు చందా కట్టేదీ ప్రభుత్వమే. అయినా ఆ రెండూ ఆ విద్యార్థి దగ్గర కలవవు. తర్వాతి దశలో స్కాలర్‌షిప్ విద్యార్థులున్న ప్రైవేటు కాలేజీలను కలపాలన్నది సంఘాలు ఎత్తుకోదగ్గ డిమాండ్.

ఊరికి వెళ్లే ముందు చేసుకోవాల్సిన పనులు

క్యాంపస్‌లో ఉండగానే ఒక గంట కేటాయిస్తే ఊళ్లో చాలా రోజులు కలిసివస్తాయి.

- లైబ్రరీకి వెళ్లి రిమోట్ లాగిన్ తీసుకోండి. యూనివర్సిటీ ఈమెయిల్ ఐడీ లేకపోతే ముందు అది అడగండి. చాలా లాగిన్లు దాని మీదే నడుస్తాయి.
- క్యాంపస్ వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఒకసారి లాగిన్ చేసి చూడండి. పనిచేయకపోతే లైబ్రరీ సిబ్బంది ఎదురుగానే సరిచేయించుకోవచ్చు.
- క్యాంపస్ నెట్ మీద ఉండగా మీ గూగుల్ ఖాతాతో గూగుల్ స్కాలర్ తెరవండి. కొన్ని ప్రచురణ సంస్థల విషయంలో గూగుల్ మీ సంస్థను గుర్తుపెట్టుకుని, బయటికి వెళ్లాక కూడా కొంతకాలం వ్యాసాలు తెరుస్తుంది. సెట్టింగ్స్‌లో "లైబ్రరీ లింక్స్" దగ్గర మీ యూనివర్సిటీ పేరు చేర్చుకోండి.
- తప్పక కావాల్సిన వ్యాసాలు ముందే దించుకోండి. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటే రచయిత, ఏడాది, పేజీ వివరాలు కూడా నమోదవుతాయి. సిగ్నల్ లేని ఊళ్లో కూడా చదువు ఆగదు.
- లైబ్రరీ ఈమెయిల్, ఫోన్ నంబరు రాసుకోండి. పాస్‌వర్డ్ గడువు ఎప్పుడు ముగుస్తుందో అడగండి. థీసిస్ సమర్పించాక ఖాతా ఎన్నాళ్లు ఉంటుందో కూడా తెలుసుకోండి.

ఏ చందా లేనివారికి

చదువు పూర్తయి ఉద్యమంలో ఉన్నవారు, చదువు మధ్యలో ఆగినవారు, ప్రైవేటు కాలేజీ విద్యార్థులు ఏం చేయాలి? చట్టబద్ధమైన దారులు వీరికీ ఉన్నాయి.

జేస్టోర్‌లో ఎవరైనా ఉచితంగా సొంత ఖాతా తెరిచి నెలకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదవొచ్చు. దించుకోవడం కుదరదు గానీ చదివి నోట్స్ రాసుకోవచ్చు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పాత సంచికలు కూడా జేస్టోర్‌లో ఉన్నాయి. కులం మీద, భూమి మీద, రిజర్వేషన్ల మీద దశాబ్దాలుగా సాగిన చర్చలకు అదొక గని.

అన్‌పేవాల్ అనే చిన్న పరికరాన్ని కంప్యూటర్ బ్రౌజర్‌కు తగిలించుకుంటే, మీరు చూస్తున్న వ్యాసానికి చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం కింద కనిపించే ఇతర వెర్షన్ల లింకు కూడా నొక్కి చూడండి. రచయిత తన యూనివర్సిటీ పేజీలో పెట్టుకున్న ప్రతి దొరకవచ్చు.

శోధ్‌గంగలో భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లు పూర్తిగా ఉచితం. ఒక మంచి థీసిస్‌లోని గ్రంథసూచి మీ సగం వెతుకులాట తగ్గిస్తుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా చూడదగ్గది.

బ్రాందైస్ విశ్వవిద్యాలయం నుంచి 2020లో మొదలైన "కాస్ట్: ఎ గ్లోబల్ జర్నల్ ఆన్ సోషల్ ఎక్స్‌క్లూజన్" పూర్తిగా ఉచితం. సేజ్ ప్రచురించే "కాంటెంపరరీ వాయిస్ ఆఫ్ దళిత్" మాత్రం చందా జర్నల్. దళితుల గురించిన పరిశోధన దళితులకే చందా గోడ అవతల ఉండటం గమనించాల్సిన విషయం. అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల ఇంగ్లిష్ సంపుటాలను కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దించుకోవచ్చు.

అట్రాసిటీ కేసుల మీద పనిచేసేవారికి తీర్పుల కోసం ఖరీదైన డేటాబేస్‌లే దిక్కు కాదు. ఇండియన్ కానూన్‌లో తీర్పులు ఉచితంగా వెతకొచ్చు. సుప్రీంకోర్టు 2023లో తెచ్చిన ఈ-ఎస్సీఆర్‌లో అధికారిక లా రిపోర్టుల్లోని తీర్పులు దొరుకుతాయి. నేరాల లెక్కలకు ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే నివేదికలు ఉచితం.

ఇంకొకటి, చాలా చందా ఒప్పందాలు లైబ్రరీ భవనంలోకి వచ్చి చదివే బయటి పాఠకులను కూడా అనుమతిస్తాయి. దగ్గరలోని యూనివర్సిటీ లైబ్రరీలో బయటివారికి రోజువారీ పాస్ ఇస్తారేమో కనుక్కోండి.

ఏదీ కుదరకపోతే రచయితకే ఈమెయిల్ పంపండి. మీరెవరు, ఏం చదువుతున్నారు, ఏ వ్యాసం కావాలి అన్న మూడు వాక్యాలు చాలు. ఆ 30 డాలర్లలో రచయితకు సాధారణంగా ఒక్క రూపాయి కూడా వెళ్లదు. తమ పని చదువుతామంటే చాలామంది సంతోషంగానే పంపుతారు.

జాగ్రత్తలు

పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. ఒకే లాగిన్ పది ఊళ్ల నుంచి వాడితే వ్యవస్థ పసిగడుతుంది. ఒక జర్నల్ సంచికలన్నీ ఒకేసారి దించుకోకండి. అలా చేస్తే ప్రచురణ సంస్థ మొత్తం యూనివర్సిటీకే తలుపు మూసేయవచ్చు. అమెరికాలో ఆరన్ స్వార్ట్జ్ జేస్టోర్ నుంచి వ్యాసాలు భారీగా దించుకున్నందుకు 2011లో క్రిమినల్ కేసు ఎదుర్కొన్నాడు. కేసు నడుస్తుండగానే 2013 జనవరిలో ప్రాణం తీసుకున్నాడు. మన క్యాంపస్‌లలో క్రమశిక్షణ కమిటీల చూపు ముందు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. చిన్న ఉల్లంఘనను కూడా వారి చేతికి ఇవ్వకపోవడం మంచిది.

సై-హబ్ మీద మూడు ప్రచురణ సంస్థలు 2020లో ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి. ఆ వెబ్‌సైట్‌ను దేశంలో నిలిపివేయాలని 2025 ఆగస్టులో కోర్టు ఆదేశించింది. ఆ దారిని ఇక్కడ సూచించడం లేదు.

అలాగని చట్టమంతా ప్రచురణ సంస్థల వైపే లేదు. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ షాపు మీద మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో కేసు వేశాయి. పాఠ్యాంశాల కోసం పుస్తకాల్లోని భాగాలను జిరాక్స్ తీసి విద్యార్థులకు ఇవ్వడం కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు కిందికి వస్తుందని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2017లో ప్రచురణ సంస్థలు కేసు వదులుకున్నాయి. విద్యార్థులు, అధ్యాపకులు కూడా పార్టీలుగా చేరి నిలబడ్డ కేసు అది. సొంత పరిశోధన కోసం న్యాయమైన మేరకు వాడుకోవడానికీ అదే సెక్షన్ వీలు కల్పిస్తుంది.

నెట్ సెంటర్‌లో చదివితే పని అయ్యాక లాగౌట్ చేసి, దించిన ఫైళ్లు తీసేయండి. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ దాచనివ్వకండి.

లేదంటే అడగాలి, రాతపూర్వకంగా

మీ సంస్థలో రిమోట్ లాగిన్ లేకపోతే మొదట లైబ్రేరియన్‌కు ఈమెయిల్ రాయండి. ఇలా ఉంటే చాలు:

"నేను ఫలానా విభాగంలో పరిశోధక విద్యార్థిని. నా రోల్ నంబరు ఇది. ఫీల్డ్‌వర్క్ కోసం ఫలానా తేదీ వరకు క్యాంపస్ బయట ఉంటున్నాను. మన లైబ్రరీ చందా జర్నళ్లను బయటి నుంచి చదవడానికి లాగిన్ ఇవ్వగలరు. ఆ సౌకర్యం లేకపోతే, ఇన్‌ఫెడ్‌లో చేరే విషయంలో తీసుకుంటున్న చర్యలు తెలియజేయగలరు."

జవాబు రాకపోతే విభాగాధిపతికి, ఎస్సీ, ఎస్టీ సెల్‌కు ప్రతి పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయమైతే ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగదగ్గ ప్రశ్నలు ఇవి:

- గత మూడేళ్లలో ఈ-జర్నళ్ల చందాకు ఎంత ఖర్చు చేశారు?
- వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో, ఎన్-లిస్ట్‌లో, ఇన్‌ఫెడ్‌లో ఈ సంస్థ నమోదైందా? ఎప్పుడు?
- ఎంతమంది విద్యార్థులకు రిమోట్ లాగిన్ ఇచ్చారు? అందులో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులెందరు?
- దూరవిద్య విద్యార్థులకు ఈ సౌకర్యం ఉందా?
- హాస్టల్ ఖాళీ చేసిన, సస్పెన్షన్‌లో ఉన్న విద్యార్థుల లైబ్రరీ ఖాతాలను ఏ నిబంధన కింద ఆపుతున్నారు?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. శిక్ష పేరుతో చదువు దారి మూసే ముందు దానికి రాతపూర్వకమైన నిబంధన చూపించాల్సిన బాధ్యత సంస్థదే.

విద్యార్థి సంఘాలు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. అడ్మిషన్ల వారంలో స్వాగత కార్యక్రమాలతో పాటు ఒక రోజు లాగిన్ శిబిరం పెట్టండి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థి ఫోన్‌లో యూనివర్సిటీ ఈమెయిల్, రిమోట్ లాగిన్, జేస్టోర్ ఖాతా తెరిపించండి. లైబ్రరీ నుంచి ఒకరిని పిలవండి. ఎలా వాడాలో తెలుగులో ఒక్క పేజీ రాసి హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించండి. సీనియర్‌కు మూడో ఏడాదిలో తెలిసింది జూనియర్‌కు మొదటి వారంలోనే తెలుస్తుంది. చందా డబ్బు ప్రజలది. అది ప్రతి వాడకూ చేరుతోందా లేదా అన్న లెక్క అడగాల్సింది మనమే.